ఐవీఎఫ్ మొదలుపెట్టే ముందే ఎక్కడ ఆగాలో కూడా అనుకోండి

ప్రశ్న: అక్కా, మాది ఖమ్మం దగ్గర ఊరు, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాం. నాకు 32, పెళ్ళై ఆరేళ్ళు. ఆయన కార్ల షోరూంలో చేస్తారు, నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్ని, ఇద్దరికీ కలిపి నెలకి 58 వేలు వస్తాయి. రెండుసార్లు ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించడం) ఫెయిల్ అయింది. ఆయనకి వీర్యకణాల కౌంట్ తక్కువ ఉంది, ఐవీఎఫ్‌లో ఇక్సీ (ఒక్క వీర్యకణాన్ని సూదితో గుడ్డులోకి పంపడం) చేయాలన్నారు. ఈ సంగతి మా అత్తగారింట్లో ఎవరికీ తెలీదు, లోపం నాలోనే అనుకుంటున్నారు, నేను నోరు మెదపట్లేదు. సెంటర్లో ప్యాకేజీ లక్షా 40 వేలు, సక్సెస్ 80 శాతం అన్నారు. మా దగ్గర 2 లక్షల 20 వేలు, 9 తులాల బంగారం ఉన్నాయి, ఒక చీటీ నడుస్తోంది. అత్తమ్మ ఊళ్ళో అరెకరం అమ్మేద్దాం అంటోంది. ఉద్యోగం మానేసి రెస్ట్ తీస్కో అని అందరూ అంటున్నారు. డబ్బు ఎలా సర్దుకోవాలి, ఫెయిల్ అయితే తట్టుకోగలనా అని రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు.

జవాబు: చెల్లీ, డబ్బు గురించి చాలా రాశావు గానీ నన్ను పట్టి కుదిపింది మాత్రం "నోరు మెదపట్లేదు" అన్న ఆ ఒక్క మాట. దాని దగ్గరికి వస్తా. ముందు లెక్క చూద్దాం, లెక్క ఎంతో కొంత తేలితే నిద్ర కొంచెమైనా పడుతుంది.

లక్షా 40 వేలు అన్నారు కదా, అందులో ఏమేం కలిశాయో కాగితం మీద రాసివ్వమను, నోటిమాట వద్దు. చాలా చోట్ల ప్యాకేజీ అంటే స్కాన్లు, ఎగ్ పికప్ (గుడ్లు బయటికి తియ్యడం), ల్యాబ్ చార్జీల వరకే, ఇంజెక్షన్లు వేరే. అసలు బరువంతా ఆ ఇంజెక్షన్లలోనే ఉంటుంది, పది పన్నెండు రోజులు రోజూ వెయ్యాలి, డోసుని బట్టి బ్రాండుని బట్టి 50 వేల నుంచి లక్ష దాకా అయిపోతాయి, ఒకే వయసున్న ఇద్దరికి కూడా బిల్లు ఒకేలా రాదు. ఇక్సీ చార్జీ ఇందులోనే ఉందా వేరా, మత్తు డాక్టర్ ఫీజు ఎంత, పిండాలు ఫ్రీజ్ చేస్తే ఎంత, ప్రతి ఏడాది రెన్యూవల్‌కి ఎంత, తర్వాత ఆ పిండాన్ని గర్భసంచిలో పెట్టే ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్ చేస్తే మళ్ళీ ఎంత కట్టాలి, ఇవన్నీ అడుగు. ఇంకోటి, దీన్ని ఎవరూ అడగరు: గుడ్లు సరిగ్గా పెరగలేదని మధ్యలోనే సైకిల్ (ఆ విడత ట్రీట్‌మెంట్) క్యాన్సిల్ చేస్తే ఎంత వెనక్కి ఇస్తారు? అది కూడా రాయించుకో. నా అంచనా అయితే హైదరాబాద్‌లో ఒక పికప్, దాంట్లోంచి వచ్చిన పిండాలతో ఒకటి రెండు ట్రాన్స్‌ఫర్లు, మందులు, తిరుగుడు అన్నీ కలుపుకుని రెండున్నర నుంచి మూడున్నర లక్షలు మనసులో పెట్టుకోవాలి. లక్షా 40 అనుకుని దిగితే సగం దారిలో చేతులు ఖాళీ అవుతాయి, అప్పుడు ఎక్కడ పడితే అక్కడ, ఎంత వడ్డీకి పడితే అంతకి తెస్తారు. అదే జరగకూడదు.

ఆ 80 శాతం మాట నమ్మొద్దు చెల్లీ. దేంట్లో 80 శాతం అని అడుగు. బ్లడ్ టెస్ట్ పాజిటివ్ రావడం ఒక లెక్క, స్కాన్‌లో గుండె కొట్టుకోవడం కనిపించడం ఇంకో లెక్క, బిడ్డని ఇంటికి తెచ్చుకోవడం వేరే లెక్క, ఈ మూడూ తగ్గుకుంటూ వస్తాయి, బోర్డు మీద ఎప్పుడూ అన్నిటికంటే పెద్దదే రాస్తారు. మంచి సెంటర్లలో కూడా 35 లోపు ఆడవాళ్ళకి ఒక పిండం పెడితే ముగ్గురిలో ఒకరికి అటు ఇటుగా బిడ్డ పుడుతుంది. అంటే మొదటి ట్రాన్స్‌ఫర్ ఫెయిల్ అవ్వడం చాలామందికి జరిగే సంగతే, నీ ఒంట్లో ఏదో ప్రత్యేకంగా తేడా ఉందని కాదు. రెండు మూడు ట్రాన్స్‌ఫర్లు కలిపి చూస్తే మొత్తం మీద అవకాశం పెరుగుతుంది, అందుకే ఒక్క ప్రయత్నానికి సరిపడా డబ్బుతో కాకుండా కనీసం రెండు ట్రాన్స్‌ఫర్లకి సరిపడా డబ్బుతో మొదలుపెట్టమని చెప్తున్నా.

ఇప్పుడు ఆ డబ్బు ఎక్కడిది. ఉన్న 2 లక్షల 20 వేలు మొత్తం పెట్టెయ్యొద్దు. ఒక 70 వేలు ముట్టుకోకుండా పక్కన పెట్టు, ఎందుకంటే నువ్వు కోరుకున్నదే జరిగిందనుకో, తర్వాత తొమ్మిది నెలల స్కాన్లు, డెలివరీ, పసిబిడ్డ ఖర్చు ఉంటాయి, ట్రీట్‌మెంట్‌కే ఊడ్చిపెట్టేసి బిడ్డ పుట్టే వేళకి అప్పుల్లో ఉన్నవాళ్ళు నాకు చాలామంది రాస్తుంటారు. మిగతాదానికి బంగారంలో కొంత బ్యాంకులో పెట్టు, అమ్మొద్దు, తాకట్టే. బ్యాంకు గోల్డ్ లోన్ ఏడాదికి తొమ్మిది పది శాతం అటు ఇటు ఉంటుంది, ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, నూటికి మూడంటే 36, ఆ మాట "రెండు రూపాయలే కదా" అన్నట్టు వినబడుతుంది కానీ ఏళ్ళ తరబడి కూర్చుంటుంది. చీటీ తొందరపడి పాడకు, మొదట్లో పాడితే పాటలో ఎంత పోతుందో చూస్కో, ఒక్కోసారి అది వడ్డీ కంటే ఎక్కువ. సెంటర్లోనే జీరో కాస్ట్ ఈఎంఐ అని కాగితాలు ముందు పెడతారు, ప్రాసెసింగ్ ఫీజు చూడు, సైకిల్ క్యాన్సిల్ అయినా లోన్ ఆగదని గుర్తుపెట్టుకో. మనీ బ్యాక్ ప్యాకేజీలు కూడా ఉంటాయి, షరతులు చదివితే మందుల డబ్బు రాదు, పిండాలన్నీ వాడేస్తేగానీ క్లెయిమ్ కుదరదు, ఇలా ఏదో ఒకటి ఉంటుంది.

అరెకరం మాత్రం వద్దు. కనీసం మొదటి సైకిల్‌కి వద్దు. మీ అత్తమ్మ ప్రేమతోనే అంటుండొచ్చు, ఆ ప్రేమని తక్కువ చెయ్యట్లేదు, కానీ భూమి అమ్మాక ఆ ట్రీట్‌మెంట్ మీ ఇద్దరిది కాకుండా పోతుంది, ప్రతి రిజల్టుకీ ఇంటిల్లిపాదికీ జవాబు చెప్పుకోవాలి, ఫెయిల్ అయితే "అరెకరం పోయింది" అనే మాట ఎవరూ పైకి అనకపోయినా పండక్కి వెళ్ళినప్పుడల్లా నీకు వినబడుతూనే ఉంటుంది. పైగా లోపం నీదే అనుకుంటున్న ఇంట్లో.

ఇన్సూరెన్స్ చూశావా అని అడిగే ముందే చెప్తా, మామూలు హెల్త్ పాలసీల్లో సంతానలేమి చికిత్స కవర్ కాదు, ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన స్టాండర్డ్ మినహాయింపుల్లో అదీ ఒకటి. కానీ కొన్ని కంపెనీల గ్రూప్ పాలసీల్లో లిమిట్ పెట్టి ఇస్తున్నారు, మీ ఆయన షోరూం హెచ్‌ఆర్‌ని ఒక్క మెయిల్ పెట్టి అడగమను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే వాళ్ళ ఆరోగ్య పథకం సీజీహెచ్‌ఎస్‌లో షరతులతో ఐవీఎఫ్ రీయింబర్స్‌మెంట్ ఉంది, ముందే పర్మిషన్ తీస్కోవాలి, మీకు కాదు గానీ ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. గాంధీ ఆస్పత్రిలో 2023 అక్టోబర్‌లో ప్రభుత్వ ఐవీఎఫ్ సెంటర్ ప్రారంభించారు, ఒక రోజు లీవ్ పెట్టి వెళ్ళి కనుక్కోండి, కానీ మీకు కావాల్సిన ఇక్సీ ఇప్పుడు చేస్తున్నారా, వెయిటింగ్ ఎంత, మందులు వాళ్ళే ఇస్తారా అని కౌంటర్ దగ్గరే అడిగి తేల్చుకోండి. ఫ్రీ అని విని నెలలు నెలలు ఎదురుచూడొద్దు, అలాగని అడక్కుండానే ప్రైవేట్‌లో డబ్బు కట్టొద్దు.

సెంటర్ ఎంచుకోవడం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో బయటపడ్డ కేసు నువ్వూ వినుంటావు, ఐవీఎఫ్ కోసం వెళ్ళిన దంపతుల్ని సరోగసీ వైపు తిప్పి, లక్షలకి లక్షలు తీస్కుని చేతిలో పెట్టిన బిడ్డ డీఎన్‌ఏ వాళ్ళతో కలవలేదు. ఆ తల్లిదండ్రుల బాధ తల్చుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. అందుకే, ఐవీఎఫ్ సెంటర్లని నియంత్రించే ఏఆర్‌టీ చట్టం (2022 జనవరి నుంచి అమల్లో ఉంది) కింద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉందో లేదో చూడు, లెవెల్ 1 అంటే ఐయూఐ వరకే, ఐవీఎఫ్ చేయాలంటే లెవెల్ 2 ఉండాలి. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టొద్దు. కౌంట్ తక్కువ కేసుల్లో డోనర్ (వేరే మగాడి వీర్యం) అనే మాట ఉన్న కాగితం ఎక్కడో మధ్యలో ఉంటుంది, ఇద్దరూ కూర్చుని చదవకుండా, తెలుగులో చెప్పించుకోకుండా సంతకం వద్దు. అడిగితే విసుక్కునే చోట ఇంత డబ్బు, ఇంత నమ్మకం పెట్టకండి.

పీఆర్‌పీ (సొంత రక్తంలోని ప్లేట్‌లెట్లు ఎక్కించడం) అని, స్క్రాచింగ్ (గర్భసంచి పొర గీకడం) అని, ఇంట్రాలిపిడ్ (కొవ్వు ద్రవం) డ్రిప్ అని ఒక్కోటి పదివేలో పదిహేనువేలో అదనంగా చెప్తారు. దీనివల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందని గట్టి ఆధారం ఉందా డాక్టర్ గారూ అని ఒక్క ప్రశ్న వెయ్యి చాలు. అందరికీ మామూలుగా చేసెయ్యడానికి వీటికి అంత ఆధారం లేదు.

ఇంకా, ఆయన్ని ఒకసారి యూరాలజిస్టుకో, మగవాళ్ళ సంతాన సమస్యలు చూసే ఆండ్రాలజిస్టుకో చూపించారా? కౌంట్ తక్కువ అనగానే నేరుగా ఇక్సీ రాసేస్తారు, సూదులన్నీ నీకు, ఆయన్ని ఎవరూ పరీక్ష కూడా చెయ్యరు. వెరికోసీల్ (వృషణాల దగ్గర నరాలు ఉబ్బడం) ఉందేమో, గుట్కా సిగరెట్ అలవాటుందేమో, జిమ్‌లో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీస్కున్నాడేమో, ఇది మన కుర్రాళ్ళకి తెలీదు, కండలు పెంచే ఆ ఇంజెక్షనే కౌంట్‌ని సున్నా దాకా తీసుకెళ్తుంది. మిల్లీలీటరుకి 16 మిలియన్లు కింది హద్దు అని డబ్ల్యూహెచ్ఓ చెప్తుంది, ఒక్క రిపోర్టు చూసి తేల్చకూడదు, వీర్యకణాలు తయారవ్వడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి అలవాట్లు మానేసి, జ్వరాలేమీ లేకుండా మూడు నెలలాగి మళ్ళీ చూడాలి. నీకు 32, మూడు నెలలు ఆగితే కొంప మునగదు, ఆ మూడు నెలల్లో డబ్బు కూడా సర్దుకుంటుంది, నువ్వు థైరాయిడ్, షుగర్ చూపించుకుని ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టొచ్చు, రుబెల్లా టీకా అవసరమైతే ఇప్పుడే వేయించుకోవచ్చు, అది వేశాక నెల ఆగాలి.

ఈ ఆగమనే మాట 38, 40 దాటినవాళ్ళకి కాదు, అలాంటివాళ్ళు ఇది చదువుతుంటే మీరు ఆగొద్దు. గుంటూరులో 2019లో 74 ఏళ్ళావిడ కవలల్ని కనలేదా, వయసుదేముంది అంటారు జనం, ఆవిడకి వాడింది డోనర్ గుడ్లు అన్న సంగతి ఎవరూ చెప్పరు. ఇప్పుడైతే చట్టం ఆడవాళ్ళకి 50, మగవాళ్ళకి 55 దాటనివ్వదు.

సరే, ఇప్పుడు ఆ నోరు మెదపకపోవడం గురించి.

ఆయన రిపోర్టు ఆయనది. ఎవరికి ఎంత చెప్పాలో ఆయన ఇష్టం, నువ్వు వెళ్ళి అత్తమ్మకి చెప్పెయ్యమని నేను అనను. కానీ నీ మీద పడే మాటని ఆపడం మాత్రం ఆయన పని, అందులో రెండో మాట లేదు. రిపోర్టు నంబర్లు చెప్పక్కర్లేదు, "అమ్మా, ఇద్దరికీ ట్రీట్‌మెంట్ ఉంది, తనని ఏమీ అనొద్దు, ఏమన్నా ఉంటే నాతో మాట్లాడు" అని ఒక్కసారి కొడుకు నోటి నుంచి వస్తే చాలు, ఆ ఇంట్లో గాలి మారిపోతుంది. ఆయన ఈ ఒక్కటి చెయ్యకుండా నువ్వు ఇంజెక్షన్లు మొదలుపెట్టకు. కఠినంగా ఉందేమో ఈ మాట, కానీ ఇన్నేళ్ళు ఉత్తరాలు చదివాక నాకు అర్థమైంది ఏంటంటే ఆడపిల్లలు సూదుల దగ్గర కూలిపోరు, ఫెయిల్ అయిన రోజు రాత్రి పక్కన మనిషి ఉండీ ఒంటరిగా మిగిలినప్పుడు కూలిపోతారు. ఆయనకీ సిగ్గు ఉంటుంది, మగతనం పోయినట్టు బాధ ఉంటుంది, కౌంట్‌కీ మగతనానికీ సంబంధం లేదని ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు. డాక్టర్‌తో చెప్పించు. కౌన్సెలింగ్ ఇవ్వాలని చట్టంలోనే ఉంది, కాబట్టి సెంటర్లో కౌన్సెలర్ ఎవరు, ఎప్పుడొస్తారు అని అడిగి ఇద్దరూ కలిసి కూర్చోండి, అది మీ హక్కు.

ఊళ్ళో వాళ్ళకి ట్రీట్‌మెంట్ జరుగుతోందని తెలిసినా పర్లేదు, తేదీలు మాత్రం చెప్పకండి. ట్రాన్స్‌ఫర్ ఎప్పుడు, టెస్ట్ ఎప్పుడు అనేది మీ ఇద్దరికీ, మీ వైపు ఒకరికి, ఆయన వైపు ఒకరికి, అంతే. లేకపోతే టెస్ట్ రోజు పొద్దున్నుంచే ఫోన్లు మోగుతాయి, నువ్వు ఏడవడానికి కూడా టైం ఉండదు, అందరికీ జవాబు చెప్తూ వాళ్ళనే ఓదార్చాల్సి వస్తుంది.

ముందే తెలుసుకుంటే తట్టుకోగలిగేవి కొన్ని ఉన్నాయి. గుడ్ల లెక్క రోజురోజుకీ తగ్గుతుంది. పన్నెండు తీశారనుకో, ఎనిమిదో తొమ్మిదో పక్వంగా ఉంటాయి, ఆరు ఫలదీకరణ అవుతాయి, అయిదో రోజుకి ఇద్దరో ముగ్గురో మిగులుతారు (మిగులుతారు అనే వచ్చేసింది చూడు, అలాగే అనిపిస్తుంది ఎవరికైనా). ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా ఇన్ని పోయాయి అని గుండె జారిపోతుంది, అది మామూలే అని ముందే తెలిస్తే వేరు. ట్రిగ్గర్ ఇంజెక్షన్ (గుడ్లు పక్వం అవ్వడానికి వేసే ఆఖరి సూది) చెప్పిన టైంకే వెయ్యాలి, పికప్ దానికి 34 నుంచి 36 గంటల తర్వాత లెక్కగట్టి పెడతారు, రాత్రి పదిన్నర అంటే పదిన్నరే, ఆ పని ఆయనకి అప్పగించు. ట్రాన్స్‌ఫర్ తర్వాత వాడే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ మందుకి రొమ్ములు నొప్పి, కడుపు ఉబ్బరం, నిద్రమత్తు అన్నీ కడుపుతో ఉన్నట్టే వస్తాయి, వచ్చాయని పొంగిపోకు, రాలేదని కుంగిపోకు, దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. ఇంట్లో స్ట్రిప్ టెస్టులు తెచ్చి రోజూ చూస్కోవడం మాత్రం వద్దు, చెప్పిన రోజు బ్లడ్ టెస్టే. కడుపు బాగా ఉబ్బి, ఆయాసం వచ్చి, యూరిన్ తగ్గిపోతే మాత్రం ఆగకుండా ఆ రాత్రికే సెంటర్‌కి ఫోన్ చేసి వెళ్ళిపో, దాన్ని ఓహెచ్‌ఎస్‌ఎస్ (ఇంజెక్షన్లకి అండాశయాలు అతిగా స్పందించడం) అంటారు, చిన్న విషయం కాదు.

ఉద్యోగం మానకు. ట్రాన్స్‌ఫర్ తర్వాత మంచం దిగకుండా పడుకుంటే పిండం అంటుకుంటుందని మన ఇళ్ళలో గట్టిగా నమ్ముతారు, పరిశోధనల్లో దానివల్ల లాభం ఏమీ కనబడలేదు. ఉద్యోగం మానేస్తే జీతం పోవడం ఒకటి, రోజంతా ఇంట్లో కూర్చుని గోడలు చూస్తూ లెక్కలేస్కోవడం ఇంకోటి, రెండోది ఇంకా ప్రమాదం. నువ్వు టీచర్‌వి, దసరా సెలవులో ఎండాకాలం సెలవులో చూస్కుని ఇంజెక్షన్లు, పికప్ అప్పుడు పడేలా డాక్టర్‌తో ప్లాన్ చేయించుకో, స్కాన్లకి రెండు మూడు రోజులకోసారి పరిగెత్తడం తేలికవుతుంది.

టెన్షన్ పడితే ఫెయిల్ అవుతుంది, హ్యాపీగా ఉండు అని ప్రతి ఒక్కరూ చెప్తారు. ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 14 పరిశోధనలు, 3,583 మంది ఆడవాళ్ళ లెక్కలు కలిపి చూశారు, ట్రీట్‌మెంట్‌కి ముందు బాధగా ఆందోళనగా ఉన్నవాళ్ళకి ఫలితం తక్కువేమీ రాలేదు. నువ్వు ఏడ్చావనో భయపడ్డావనో ఫెయిల్ అవ్వదు చెల్లీ. ఏడుపొస్తే ఏడువు. మొక్కుంటే మొక్కు తీర్చుకో, 2024 ఏప్రిల్‌లో చిలుకూరులో సంతానం లేనివాళ్ళకి గరుడ ప్రసాదం అనగానే దారి పొడుగునా కార్లు ఆగిపోయాయి, అంతమంది ఉన్నారు నీలాగా, అందరూ ఇళ్ళలో చప్పుడు చెయ్యకుండా.

రెండు వారాలు దాటి నిద్ర లేదు, తిండి లేదు, బతకాలనిపించట్లేదు అనిపిస్తే మాత్రం దాచుకోకు, 14416కి ఫోన్ చెయ్యి, టెలి మానస్ అని ప్రభుత్వానిది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం కట్టక్కర్లేదు.

ఇక టైటిల్లో పెట్టిన మాట. ఎక్కడ ఆగాలో ఇప్పుడే, ఇంకా ఒక్క సూది కూడా పడకముందే, ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. ఎందుకు ఇప్పుడే అంటే, ఫెయిల్ అయిన రోజు మనిషి మనిషిలా ఉండదు, ఇంకొక్కసారి అని ఎవరన్నా అంటే మెడలో గొలుసు తీసి ఇచ్చేస్తాం. మీ లెక్కకి నాకు తోచింది ఇది: ఒక పికప్, దాంట్లో వచ్చిన పిండాలు అన్నీ వాడటం, తర్వాత మూడు నెలలు విరామం, డాక్టర్‌తో రివ్యూ, అవసరమైతే ఇంకో డాక్టర్ దగ్గర సెకండ్ ఒపీనియన్, ఆ తర్వాతే రెండో పికప్ ఆలోచన, మొత్తం మీద 5 లక్షలో రెండు పికప్‌లో ఏది ముందొస్తే అక్కడ ఆగి మళ్ళీ మాట్లాడుకోవడం. ఫెయిల్ అయిన రోజే రెండో ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టం అని కూడా రాయండి. డోనర్ స్పెర్మ్‌కి ఇద్దరూ ఒప్పుకుంటారా, దత్తత ఆలోచన ఉందా అనేవి కూడా ఇప్పుడే అడుక్కోండి, ఒప్పుకోవాలని లేదు, అవతలి మనిషి మనసులో ఏముందో తెలియాలి. అనాథ పిల్లల్ని దత్తత తీస్కోవాలంటే కారా (కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ) ద్వారానే, వెయిటింగ్ ఏళ్ళ తరబడి ఉంటుంది, ఎవరో ఆస్పత్రిలో ఇప్పిస్తామంటే అది నేరం, ఆ దారి తొక్కకండి. కవలలైతే ఒకేసారి అయిపోతుంది కదా రెండు పిండాలు పెట్టమని అడగొద్దు, నెలలు నిండకుండా పుడితే ఎన్‌ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) బిల్లు రోజుకి వేలల్లో ఉంటుంది, పిల్లల ప్రాణానికీ రిస్కు.

ఈ వారం చెయ్యాల్సింది రెండే. ఆయనతో మాట్లాడటం, సెంటర్ నుంచి రాతపూర్వకంగా ఎస్టిమేట్ తెచ్చుకోవడం. ఎస్టిమేట్ వచ్చాక పేర్లు కొట్టేసి ఫోటో పంపించు, ఏది వదిలేశారో ఏది రెండుసార్లు వేశారో చూసి చెప్తా. ఆయన మళ్ళీ టెస్ట్ చేయించుకుంటే ఆ రిపోర్టు నాకు పంపకు, ముందు యూరాలజిస్టుకి చూపించండి.